వంటింటికి ముహూర్తం

కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పునాది తవ్వాలన్నా, గుమ్మం ఎత్తాలన్నా, కొత్తింట్లో పాలు పొంగించుకోవాలన్నా ముందు యజ్ఞనారాయణ గారి అరుగెక్కాల్సిందే. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం కంచు. పంచాంగం విప్పి, కళ్ళజోడు సర్దుకుని, "ఆయ్, చెప్పండి" అన్నాడంటే ఎదుటివాడు ఎంతటి మోతుబరైనా చేతులు కట్టుకుని నిలబడేవాడు. సంభావన దగ్గర పేచీ లేదు, ఇచ్చింది పుచ్చుకునేవాడు. పేచీ అంతా ఘడియల దగ్గరే. "ఓ అరగంట ఇటు జరపండి శాస్తుర్లుగారండీ, మా బావగారు బస్సు దిగాలి" అని ఎవరైనా అంటే, "మీ బావగారి కోసం గ్రహాలు ఆగుతాయేంటండీ?" అని పంచాంగం మూసేసేవాడు. అంతటి మనిషి పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో తన వంటిల్లు తాను బాగుచేయించుకోబోయి పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. తాతలనాటి లోగిలిని అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన వాటా. రెండు గదులు, వీధి అరుగు, వెనకాల ఒక వంటగది. పంపకాలప్పుడు మధ్యలో గోడ లేవడంతో, ఆ వంటగదికున్న ఒక్కగానొక్క కిటికీ కాస్తా మూసుకుపోయింది. ఇక మిగిలింది తల వంచుకుని దూరాల్సిన గుమ్మం, మసిబారిన పెంకులు, నేల మీద మట్టిపొయ్యి. పొయ్యిలోకి పెరట్లో రాలిన కొబ్బరిమట్టలు, కాయలు ఒలిచిన పీచుడొక్కలు. కోనసీమలో డొక్కలకేం కరువు! ఎండాకాలంలో భగ్గున మండుతాయి. వానాకాలంలో మాత్రం చెమ్మెక్కి, మంట తక్కువా పొగ ఎక్కువా అవుతాయి. ఆ పొగలో కాపరానికి వచ్చిన నాటి నుంచీ రెండు పూటలా వండుతున్నది ఆయన భార్య కమలాంబ.

కమలాంబకి దగ్గు ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. దగ్గితే పోపు ఘాటు అనుకున్నారు. ఆ తర్వాత ఆయాసం వచ్చింది. పని ఎక్కువై అనుకున్నారు. మాఘమాసంలో ఒకనాడు గంజి వారుస్తూ వారుస్తూ కూలబడిపోయి, గుడ్లు తేలేస్తే అప్పుడు గాని యజ్ఞనారాయణకి భయం వెయ్యలేదు. ఆదరాబాదరాగా అమలాపురం తీసుకెళ్ళాడు.

డాక్టరుగారు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "ఇంట్లో ఎవరైనా చుట్టలు కాలుస్తారాండీ?" అన్నాడు.

"అబ్బే, మా వంశంలోనే లేదండీ."

"మరి ఇంత పొగ ఈవిడ ఊపిరితిత్తుల్లోకి ఎలా వెళ్ళిందండీ?"

కమలాంబ తల వంచుకుని, "పొయ్యి దగ్గరండీ" అంది, తానేదో తప్పు చేసినట్టు.

డాక్టరుగారు ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి, ఈయనతో చెప్పాడు. "దాపరికం లేకుండా చెప్తున్నానండీ. ఇంకొక్క వానాకాలం ఆ పొగలో కూర్చున్నారంటే, ఆ తర్వాత నా దగ్గరికి తీసుకొచ్చినా లాభం ఉండదండీ."

తిరుగు బస్సులో కమలాంబ మెల్లగా అడిగింది. "ఓ కిటికీ పెట్టిస్తారాండీ? మిగతాదంతా ఎలా ఉన్నా ఫరవాలేదు." ఊరందరి ఇళ్ళకీ గుమ్మాలూ కిటికీలూ ఎప్పుడెత్తాలో చెప్పిన మహానుభావుడికి, సొంత పెళ్ళాం గాలి కోసం అడుక్కోవాల్సి వచ్చిందన్నది అప్పుడు తట్టింది. సిగ్గుతో ఆయన బస్సు దిగేదాకా తల ఇటు తిప్పలేదు.

మర్నాడే దానం అనే తాపీమేస్త్రిని పిలిపించాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని లెక్కలు వేసుకున్నారు. మరీ గొప్పలకి పోకూడదు, అలాగని నాలుగేళ్ళకి మళ్ళీ విప్పుకునేలానూ ఉండకూడదు. గోడలు ఇంకాస్త పైకి లేపాలి. పెరటి వైపు పెద్ద కిటికీ. నిలబడి వండుకోవడానికి గట్టు, గట్టు మీద కడపరాయి పలక. పొయ్యి పైన గూడు, గూట్లోంచి పెంకుల మీదకి పొగగొట్టం. నేలకి సిమెంటు గచ్చు. పాత పెంకులు కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. కిటికీ చెక్క, పాత ఇళ్ళు విప్పే చోట చౌకగా దొరుకుతుంది. ఎంత తగ్గించినా మొత్తం రెండు వేలు దాటింది. కొబ్బరి దింపుల మీద వచ్చిందీ, పోస్టాఫీసులో దాచిందీ కలిపితే బొటాబొటీగా సరిపోతుంది. అదీ సిమెంటు పర్మిట్టు మీద గవర్నమెంటు రేటుకి దొరికితేనే. బ్లాకులో కొంటే గోడలు లేచేసరికి చేతులెత్తేయాల్సిందే.

"అమలాపురంలో గ్యాసు పొయ్యిలు వచ్చేయంటున్నారు కదండీ" అన్నాడు దానం.

లోపల్నుంచి కామాక్షమ్మ గొంతు లేచింది. ఆవిడ యజ్ఞనారాయణ తల్లి, డెబ్భై దాటిన మనిషి. కోడలు మడి కట్టుకుని కట్టెల మీద వండింది తప్ప ఇంకోటి ముట్టదు. "ఆ గాలిమంట మీద ఉడికింది నేను తినను. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననుకుని లాభం లేదు" అంది. గ్యాసు మాట అక్కడితో చచ్చింది.

యజ్ఞనారాయణ తాలూకా ఆఫీసులో సిమెంటుకి అర్జీ పెట్టుకున్నాడు. "వచ్చేవారం వచ్చెయ్యొచ్చండీ" అన్నాడు గుమాస్తా. మామూలు మనిషైతే ఆ వచ్చేవారం వచ్చాక చూద్దామనుకునేవాడు. ఈయన ఇంటికొచ్చి పంచాంగం విప్పాడు. వైశాఖ శుద్ధ త్రయోదశి దివ్యంగా ఉంది. ఆ రోజు మొదటి ఇటుక పడిపోతే, మూడు వారాల్లో పని పూర్తవుతుంది. జ్యేష్ఠం వెళ్ళేలోగా పాలు పొంగించి పొయ్యి వెలిగించుకోవచ్చు. జ్యేష్ఠం దాటిందా, ఆషాఢం. ఆ తర్వాత శ్రావణానికల్లా గురుడూ శుక్రుడూ ఇద్దరికీ మూఢమే. భాద్రపదం పనికిరాదు. ఆయన నక్షత్రానికి మళ్ళీ కుదిరేది కార్తికంలోనే.

"సిమెంటు వచ్చాక పడగొట్టిద్దామండీ. ఈ ఒక్కసారికీ నా మాట వినండి" అంది కమలాంబ.

"త్రయోదశి మన కోసం ఆగదు కమలా. వానలు పట్టేసరికి నువ్వు కిటికీ ముందు నిలబడి వండుకోకపోతే నన్నడుగు."

ఊరంతా ఆయన మాట వింటుంటే ఆవిడ మాత్రం ఎలా కాదంటుంది? త్రయోదశి నాడు పాత వంటగది పడగొట్టారు. పూజ జరిగింది, ఇటుక పడింది, పానకం పంచారు. పొయ్యిని పెరట్లో డొక్కలు దాచే పాకలోకి మార్చారు. ఓ మూడు వారాలే కదా అనుకున్నారు.

ఆ వారం తిరక్కుండానే నెల్లూరు వైపు తుఫాను కొట్టింది. సిమెంటు వచ్చిందంతా అటే పోతోందన్నారు. యజ్ఞనారాయణ తాలూకా ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఆఫీసు బల్ల మీద ఆయన పక్కనే ఇంకొకాయన కూర్చునేవాడు. మిషను బడి హెడ్మాస్టరు కృపారావు. బడికి ఒక గది కట్టించడానికి ఆయన కూడా సిమెంటు కోసమే పడిగాపులు కాస్తున్నాడు. మొదట్లో నమస్కారాలతో సరిపెట్టుకున్నారు. పోను పోను ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడం మొదలైంది.

వైశాఖం వెళ్ళిపోయింది. జ్యేష్ఠం వెళ్ళిపోయింది. పుణ్యకాలం కాస్తా గడిచిపోయాక వానలు దిగాయి. పాత వంటగదికి కనీసం పెంకుల సందులుండేవి. ఈ పాక తాటాకు, మూడు వైపులా దడి, లోపల సగం దాకా డొక్కల గుట్ట. పొయ్యి రాజేస్తే పొగ బయటికి పోయే దారి లేక సుడి తిరిగి ఆవిడ మొహానికే కొట్టేది. కమలాంబ ఎసరు పెట్టి బయటికొచ్చి వానలో నిలబడేది, ఊపిరి పీల్చుకుని మళ్ళీ లోపలికి దూరేది. బాగుచేయిద్దామని మొదలెట్టి, ఉన్నదాన్ని కూడా పోగొట్టాడు. ఆ సంగతి ఎవరూ ఆయన్ని అనలేదు. ఆ దగ్గు వినపడినప్పుడల్లా ఆయనే అరుగు దిగి పెరట్లోకి వెళ్ళేవాడు. "నేను వండుతాను, నువ్వు లే" అని రెండుసార్లు గరిట పట్టుకున్నాడు. "మీకు ఊళ్ళో పిలుపులున్నాయి, వెళ్ళిరండి" అని ఆవిడే లాక్కుంది.

ఆషాఢం మొదట్లో కృపారావుకి పర్మిట్టు వచ్చింది. ఆయన బస్తాల బండిని బడికి పోనివ్వకుండా, తిన్నగా యజ్ఞనారాయణ వాకిట్లో ఆపించాడు.

"శాస్త్రిగారండీ, ముందు ఇవి మీరు వాడుకోండి. మీది వచ్చేక నాకు తిరిగిద్దురుగాని. పిల్లలు ఇంకొన్నాళ్ళు చెట్టుకింద చదువుకుంటారండీ. అమ్మగారికి మాత్రం ఆలస్యం కాకూడదు."

యజ్ఞనారాయణ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

దానం వాన తెరిపిచ్చినప్పుడల్లా పని చేశాడు. ఆషాఢం ఇంకా వెళ్ళకుండానే వంటిల్లు పూర్తయింది. చెప్పకూడదు గాని, ముచ్చటగా ఉంది. తెల్లగా సున్నం కొట్టిన గోడలు, నల్లటి పలక పరిచిన గట్టు, కొబ్బరితోట గాలంతా లోపలికొచ్చే కిటికీ. కమలాంబ గుమ్మం బయటే నిలబడి చూసింది. లోపలికి అడుగు పెట్టలేదు. పెట్టకూడదు కూడాను. పాలు పొంగించాలి కదా, అవి శుభంగా తూర్పు వైపుకి పొంగాలి కదా! ఆషాఢంలో పాలు పొంగించడమా? అదీ యజ్ఞనారాయణ గారి ఇంట్లోనా?

అక్కడికొచ్చి ఆగిపోయింది కథ. పెరట్లో పట్టుమని పదడుగులు లేని దూరంలో కొత్త వంటిల్లు తాళం వేసి ఉంది. ఇటు పాకలో ఆవిడ పొగలో దగ్గుతోంది. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం! కానీ ఆయన వైపునించి ఆలోచిస్తే పీక మీద కత్తే. మూఢంలో కొత్త పొయ్యి వెలిగిస్తే ఆ కీడు ఇల్లాలికే తగులుతుందని ఆయన నమ్మాడు. నమ్మకపోతే ఏ బాధా లేదు. వెలిగిస్తే కమలకి కీడు, వెలిగించకపోతే కమల ప్రాణానికే ముప్పు. తాళంచెవి మొలలో దోపుకుని, ఇంట్లో ఉన్న గ్రంథాలన్నీ అటక మీంచి దింపి, ఎక్కడైనా ఒక్క వెసులుబాటు దొరుకుతుందేమోనని వెతికాడు. దొరికిన ప్రతి వెసులుబాటు పక్కనా ఒక నిషేధం కనిపించేది. పిచ్చెత్తినట్టు మళ్ళీ మొదట్నుంచీ చదివేవాడు.

యజ్ఞనారాయణకి కూడా పర్మిట్టు వచ్చి, సిమెంటు తిరిగిచ్చేస్తానని పంపిన కబురు అందుకుని, కృపారావు శ్రావణంలో ఒకసారి వచ్చాడు. కొత్త గోడలు చూసి సంతోషించాడు. అంతలో పాక చూరులోంచి పొగ రావడం చూశాడు.

"వంటిల్లు పూర్తయింది కదండీ. అమ్మగారు ఇంకా అక్కడ వండుతున్నారేంటండీ?"

"మూఢం మేష్టారండీ" అన్నాడు యజ్ఞనారాయణ.

కృపారావు కాసేపు పాక వైపు చూసి, కండువా సర్దుకుని, "వస్తానండీ" అని వెళ్ళిపోయాడు. తిడితే బాగుండుననిపించింది యజ్ఞనారాయణకి.

ఆ పక్షంలోనే సూర్యారావు అనే రైతు వచ్చాడు. కొత్తిల్లు కట్టి ఉంది, ఉంటున్న పాక కారిపోతోంది, ఇంట్లో నెలల పిల్ల. "ఏదో ఒక రోజు చూసి చెప్పండి శాస్తుర్లుగారండీ, దూరిపోతాం" అని బతిమాలాడు.

"కుదరదు సూర్యారావు గారూ. మూఢంలో పొయ్యి వెలిగిస్తే ఇంటి ఇల్లాలికి మంచిది కాదు. కార్తికం దాకా ఆగండి."

ఆ మాట అంటుండగానే పెరట్లోంచి దగ్గు వినబడింది. తెరలు తెరలుగా వచ్చి, ఎంతకీ ఆగలేదు. సూర్యారావు ఇంటి లోపలికి చూశాడు, ఈయన మొహం చూశాడు. "ఆయ్, అలాగేనండీ" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. యజ్ఞనారాయణ చేతిలోని పంచాంగం మూసి పక్కకి తోసేశాడు. జన్మలో మొదటిసారి ఆ పుస్తకం మీద ఆయనకి అసహ్యం కలిగింది. కలిగినందుకు చెంపలు వేసుకున్నాడు.

భాద్రపదంలో ముసురు పట్టింది. మూడోనాడు మధ్యాహ్నం ఆయన ఒక తద్దినానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి పాకలో దగ్గు లేదు. మామూలుగా దగ్గు ఆగితే ఊరట. ఆరోజు మాత్రం ఆయన గొడుగు పారేసి పరుగెత్తాడు. పొగలో కంటికేమీ ఆనలేదు. చేత్తో తడుముకుంటే డొక్కల మీద పడివున్న కమలాంబ తగిలింది. పెదవులు నీలం తిరిగాయి. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు.

"కమలా! కమలా!"

ఎత్తుకుని బయటికి తెచ్చాడు. ఎంత తేలికైపోయిందో! వానలో నిలబడి ఎటు పోవాలో తోచలేదు. ముందు గదుల్లో గాలాడదు, అరుగంతా జల్లు కొడుతోంది. పొడిగా, గాలి వచ్చే చోటు ఇంటి మొత్తానికి ఒక్కటే ఉంది. ఆవిణ్ణి భుజాన వేసుకునే మొలలోంచి తాళంచెవి తీశాడు. తడిచేతిలోంచి అది రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి తలుపు తెరుచుకుంది. ఏ కాలు ముందు పెట్టాడో కూడా ఆయనకి తెలియదు. కిటికీ కింద పడుకోబెట్టి, రెక్కలు బార్లా తీశాడు.

కమలాంబ ఛాతీ ఒక్కసారి ఎగిసింది. పిల్లనగ్రోవిలా సన్నటి శబ్దం చేస్తూ గాలి లోపలికి పోయింది. ఒళ్ళంతా మంచు ముద్దలా ఉంది. వెచ్చబెట్టాలి, నోట్లో వేడి వేడిగా ఏదైనా పొయ్యాలి. ఆయన పాకలోకి పరుగెత్తి నిప్పులు మూకుట్లో పోసుకుని వచ్చాడు. కొత్త పొయ్యి ముందు నిలబడ్డాడు. చూడండి మరి, తలుపు తెరిచిన మనిషే, పొయ్యి దగ్గరికొచ్చేసరికి కొయ్యబారిపోయాడు. వెలిగిస్తే కీడు ఆవిడకే. ఈ రెండు నెలలూ ఆయన్ని పట్టి ఉంచింది అదే భయం. నిప్పుల వేడికి వేళ్ళు కాలుతున్నా మూకుడు దించలేకపోయాడు. "అమ్మా, నేనేం చెయ్యనే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

కామాక్షమ్మ గోడ పట్టుకుని వచ్చింది. కిటికీ కింద కోడల్ని చూసింది, కొడుకుని చూసింది. వచ్చి ఆ మూకుడు లాక్కుంది.

"ఇలా తే. వెలిగించిన చేతిదే పాపం. నాకింకేం మిగిలిందిరా? ఆ వచ్చే కీడేదో నాకే రానీ."

"అమ్మా, వద్దు..."

"నోర్ముయ్. నా మడికీ, నీ మూఢానికీ ఆ పిల్లని చంపుకున్నాం" అంది.

పొయ్యిలో నిప్పులు పోసి, ఎండు మట్టలు పేర్చి ఊదింది. మంట లేచింది. పొగ గూట్లోకి ఎగబాకి, గొట్టంలోంచి పైకి పోయింది. గదిలో ఒక్క పాయ మిగల్లేదు. ముసురుకి పాలమనిషి రాలేదు. ఇంట్లో పాలచుక్క లేదు. ఆవిడ గిన్నెలో నీళ్ళు పోసి, శొంఠి కొట్టి పడేసింది.

యజ్ఞనారాయణ గారి కొత్త గొట్టంలోంచి మూఢంలో పొగ రావడం వీధి వీధంతా చూసింది. ఎవరు ఎవరికి చెప్పారో, కాసేపటికే వాకిట్లో నలుగురు పోగయ్యారు. అందరికంటే ముందు గొడుగుతో సూర్యారావు నిలబడి ఉన్నాడు. కామాక్షమ్మ వీధి గుమ్మంలోకి వెళ్ళింది.

"ఏంటమ్మగారండీ, ఎవరు పెట్టేరండీ ఈ ముహూర్తం?" అన్నాడు సూర్యారావు. గొంతులో వెటకారం లేదు. మనిషి దెబ్బతిన్నట్టున్నాడు.

"నేనే పెట్టాను. మా అబ్బాయికి తెలీదు" అంది ఆవిడ.

ఆ మాట లోపల యజ్ఞనారాయణ విన్నాడు. అది అలాగే నిలబడనిస్తే ఆయన పేరు నిలబడుతుంది. రేపు మళ్ళీ అరుగు మీద కూర్చోవచ్చు, పంచాంగం విప్పుకోవచ్చు. ఒక్క క్షణం ఆగాడు కూడా. తర్వాత బయటికొచ్చాడు. ఒంటి మీద పంచె తడిసి ముద్దయి, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"అమ్మ కాదండీ. నేనే పెట్టాను" అన్నాడు. "మీ పిల్లని వానలో ఉంచకండి సూర్యారావు గారూ. ఇవాళే వెళ్ళి కొత్తింట్లో పొయ్యి వెలిగించుకోండి. మిమ్మల్ని ఆగమని తప్పు చెప్పాను."

ఒక పెద్దాయన చెవులు మూసుకుని వెళ్ళిపోయాడు. ఇంకెవరో, "ఇన్నాళ్ళూ ఈయన మాటా మనం విన్నది?" అన్నారు. కార్తికంలో ఆయన్ని పిలవబోయే ఇళ్ళు ఒక్కొక్కటే చేజారిపోవడం ఆయన అక్కడ నిలబడి చూస్తూనే ఉన్నాడు. సూర్యారావు మాత్రం వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, వానలోనే గబగబా వెళ్ళిపోయాడు.

యజ్ఞనారాయణ లోపలికొచ్చి కమలాంబ పక్కన చతికిలబడ్డాడు. తల ఒళ్ళోకి తీసుకుని, శొంఠినీళ్ళు చెంచాతో పట్టాడు. కొన్ని మింగింది, కొన్ని కారిపోయాయి. కొంతసేపటికి కళ్ళు తెరిచింది. తెల్లటి గోడలు, పైన గూడు, పొయ్యిలో మంట చూసింది. తానెక్కడ ఉందో తెలిసి బెదిరిపోయింది. లేవబోయింది, చాతకాలేదు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ..." అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. "పాలు... పొంగాయా అండీ?"

గిన్నెలో మిగిలిన శొంఠినీళ్ళు కుతకుతమంటున్నాయి. పొయ్యి ముందు కామాక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జీవితంలో ఒక్క ఘడియ కూడా తప్పు చెప్పనని మడికట్టుకు కూర్చున్న మనిషి భార్య నుదుటి మీద తడిజుట్టు వెనక్కి తోశాడు.

"పొంగాయి కమలా" అన్నాడు. "తూర్పు వైపుకే పొంగాయి."